సముద్రం చూడ్డానికి మహ్రమ్ కావాలా?



పోయిన జుమాకి మా మొహల్లా మస్జిద్‌లో ఒంటరిగా తిరిగే ఆడాళ్ళ మీద బయాన్ జరిగింది. లౌడ్‌స్పీకర్ మూతి మా డాబా వైపే ఉంటుంది. వంటింట్లో దాల్చాకి పప్పు మెదుపుతూ మొత్తం విన్నాను. ఇమామ్ సాబ్ ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. గుంటూరులో మా చుట్టుపక్కల నాలుగు గల్లీల్లో, పాత ఈకో వ్యాన్ వెనక ప్లైవుడ్ చెక్క పరుచుకుని, నాలుగు రాత్రులు సముద్రం ఒడ్డున ఒంటరిగా పడుకుని వచ్చిన ఔరత్ ఒక్కతే ఉంది. ఆ బేషరమ్ నేనే.

నా ఒక్కదాని మీద పడితే ఇది రాసేదాన్ని కాదు. నలభై నాలుగేళ్ళొచ్చాయి, ఇరవై ఏళ్ళు పత్రికల్లో పనిచేశాను, ఇంతకంటే పెద్ద మాటలే పడ్డాను. కానీ ఆ బయాన్ పోయి మా భయ్యా కూతురి మీద పడింది. పిల్లకి 22. బీటెక్ అయింది, లైసెన్సుంది, నా బండిని నాకంటే బాగా రివర్స్ చేస్తుంది. "ఫుప్పూ, రెండ్రోజులు తాళం ఇస్తావా, సూర్యలంక వెళ్ళొస్తా" అని అడిగింది. ఇస్తానన్నాను. జుమా నమాజ్ నుంచి వచ్చిన భయ్యా దస్తర్‌ఖాన్ మీద కూర్చోకుండానే తాళం ఇవ్వొద్దన్నాడు. ఎందుకు భయ్యా అంటే, "బయాన్ సునీ నై క్యా తూ?" అన్నాడు.

విన్నాను భయ్యా. అందుకే జవాబ్ రాస్తున్నాను. ఇంట్లో మొదలుపెడితే మీకు బీపీ పెరుగుతుంది, నాకు గొంతు పెరుగుతుంది. ఇక్కడైతే నిదానంగా చదువుకోవచ్చు.

ముందు బండి సంగతి. నేను కారవాన్ కొన్నానని మన ఖాందాన్‌లో పుకారు. కారవాన్ అనగానే మనవాళ్ళకి షూటింగుల దగ్గర ఆగి ఉండే ఏసీ బస్సు, లోపల అద్దాలు, సోఫాలు గుర్తొస్తాయి. నాది సెకండ్ హ్యాండ్ ఈకో. వెనక సీట్లు మడిచి, వాటి మీద ఆరడుగుల ప్లైవుడ్ చెక్క. కార్పెంటర్ చాచా దగ్గర తీసి పెట్టుకునేలా చేయించాను, ఎందుకంటే బండి రూపమే మార్చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో మార్పించుకోవాలి, ఆ తలనొప్పి నాకొద్దు. చెక్క మీద బొంత, దోమతెర. చెక్క కింద ఐదు కిలోల సిలిండర్, ఒక బర్నర్ పొయ్యి, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్, లోటా, జానిమాజ్, బియ్యం, పప్పు, మన గుంటూరు కారం. ఐదు పగళ్ళు, నాలుగు రాత్రులు, ఆరొందల కిలోమీటర్లకి కాస్త తక్కువ. పెట్రోలుకి నాలుగు వేల ఎనిమిదొందలు అయింది. మిగతా ఖర్చు చాయ్‌లకీ చేపలకీ.

కారవాన్ అన్న మాట మీద ఇంకో ముక్క చెప్పి ముందుకెళ్తాను. అది ఇంగ్లీషోళ్ళది కాదు, ఫార్సీ 'కార్వాన్'. హైదరాబాద్‌లో కార్వాన్ అని పేటే ఉంది. చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ చేసింది తెలుగులో కాబట్టి ఇలాంటివి నాకు దొరుకుతుంటాయి. తెలుగువాళ్ళు ఆగే చోటుని 'మజిలీ' అంటారు, అది మన మంజిల్. ఓడ ఆగితే వేసేది 'లంగరు', ఓడ నడిపేవాడు 'సరంగు', ఓడని ముంచేది 'తుఫాను'. మచిలీపట్నాన్ని 'బందరు' అంటాం, ఫార్సీలో బందర్ అంటే రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ రేవు నుంచి ఎర్రసముద్రం వైపు ఓడలు వెళ్ళేవి, వాటిల్లో హాజీలు వెళ్ళేవారు. ఈ తీరానికి సఫర్ మాటలన్నీ ఇచ్చిన జబాన్ మనది. ఆ జబాన్ మాట్లాడే ఇళ్ళల్లోనే సగం మంది సముద్రం చూడలేదు.

సగం అంటే ఎవరో తెలుసు కదా.

మా అమ్మీ మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళేది. గుంటూరులో మన ఇళ్ళల్లో చాలామంది అమ్మీలు, ఖాలాలు చేసిన పనే. తెల్లారుజామున ఆటో వస్తుంది. పది మంది ఎక్కాల్సిన దాంట్లో పదిహేను మంది ఎక్కుతారు. సాయంత్రం వచ్చేసరికి చేతులు మండుతుంటాయి, పెరుగు రాసుకుని కూర్చునేది. చిన్నప్పుడు నన్ను ఆ చేతుల్తో ముట్టుకునేది కాదు, కళ్ళు మండుతాయని. ఇరవై ఏళ్ళకు పైగా వెళ్ళింది. ఆటోలో మగ డ్రైవరు, పని దగ్గర మగ మేస్త్రీ, గోడౌన్‌లో మగ హమాలీలు. ఆ ఇరవై ఏళ్ళల్లో ఏ జుమాకీ ఆ ఆటో మీద బయాన్ కాలేదు. మహ్రమ్ ఎవరని ఆ ఆటోని ఆపి అడిగినవాళ్ళు లేరు.

అమ్మీకి 61 ఏళ్ళప్పుడు నేను సూర్యలంక తీసుకెళ్ళాను. పొన్నూరు రోడ్డెక్కాం, పొన్నూరులో చాయ్ తాగాం, బాపట్ల దాటాం, అంతే. గంటన్నర. ఇసక మీద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. బుర్ఖా అంచు తడుస్తుంటే కూడా కదల్లేదు. చాలాసేపటికి ఒకటే మాట అడిగింది. "ఇత్తా నజ్దీక్ థా క్యా?" ఇంత దగ్గరేనా అని. నా దగ్గర జవాబ్ లేకపోయింది. ఇంకో రెండేళ్ళే ఉంది ఆమె.

ఇప్పుడు షరియత్ దగ్గరికి వద్దాం. షరియత్ పేరు చెప్పే కదా తాళం ఆపింది.

గుంటూరు నుంచి సూర్యలంక అరవై కిలోమీటర్లు. మనం హనఫీలం. మన ముఫ్తీల్లో ఎక్కువమంది చెప్పే లెక్కలో షరయీ సఫర్ 48 మైళ్ళు, అంటే 77 కిలోమీటర్ల పైచిలుకు. బరేల్వీ ఉలమా లెక్కయితే 92 దాకా పోతుంది. అంతకంటే తక్కువ దూరం వెళ్తే మనిషి ముసాఫిర్ కాడు. నాలుగు రకాత్‌ల ఫర్జ్ నమాజ్‌ని రెండుగా కస్ర్ చేసుకోవడానికి లేదు, సఫర్ పేరుతో రోజా వదిలే ఇజాజత్ లేదు. అంటే మా ఇంటి నుంచి సముద్రానికి వెళ్ళడం షరియత్ లెక్కలో సఫరే కాదు. ఒక్క రోజు ప్రయాణం కూడా మహ్రమ్ లేకుండా వద్దన్న రివాయత్ ఉంది, నాకు తెలుసు, హదీసుల్లో ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు అని మూడు రకాలుగా వచ్చింది. పొన్నూరు రోడ్డులో గంటన్నర ఒక రోజు కాదు. పిల్ల విజయవాడలో నాలుగేళ్ళు చదివినప్పుడు రోజూ బస్సెక్కి ముప్పై అయిదు కిలోమీటర్లు పోయి, ముప్పై అయిదు కిలోమీటర్లు వచ్చింది. రెండూ కలిపితే సూర్యలంక దాటి సముద్రంలో పడుతుంది. అప్పుడు ఫీజు కట్టారు భయ్యా మీరు, ఫత్వా అడగలేదు.

మరి మా అమ్మీని 61 ఏళ్ళు ఆపింది ఏంటి? దీన్ కాదు. దీన్ అయితే మైళ్ళ లెక్క చూసేవాళ్ళం.

నా ప్రయాణం మాత్రం 77 దాటింది. నెల్లూరు దాకా వెళ్ళాను. దాన్ని దాచి వాదించను. హనఫీ ఫిఖ్‌లో దానికి మహ్రమ్ కావాలంటారు, మన ఊరి ఉలమాలో నాకు తెలిసిన వాళ్ళంతా అదే అంటారు. షాఫయీ ఫిఖ్‌లో ఫర్జ్ హజ్‌కి భరోసా ఉన్న ఆడవాళ్ళ తోడు చాలంటారు. ఇవాళ్టి ఆలిమ్‌లలో కొందరు, ఆ హుకుమ్ వెనక ఉన్న కారణం దారిలో ఖౌఫ్, దారి సలామత్ అయితే మాట మారుతుంది అంటారు. వాళ్ళు చూపించేది బుఖారీలో ఉన్న అదీ బిన్ హాతిమ్ రివాయత్. ఒక ఔరత్ హీరా నుంచి బయల్దేరి, అల్లా ఖౌఫ్ తప్ప ఇంకే ఖౌఫ్ లేకుండా కాబా దాకా వచ్చి తవాఫ్ చేసే రోజు వస్తుందని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ చెప్పారు, ఆ రోజుని నేను కళ్ళారా చూశానని అదీ చెప్పాడు. అది జరగబోయేది చెప్పడమే తప్ప ఇజాజత్ కాదని అటు వైపు వాళ్ళ జవాబ్. రెండు వైపులా చదివాను. నేను రెండోవైపు కాదు, మొదటివైపు నిలబడ్డాను. తప్పయితే హిసాబ్ నాది. కానీ ఈ బహస్ ఉందని బయాన్‌లో ఒక్క ముక్క రాకపోవడం నాకు గుస్సా తెప్పించింది. హజ్ విషయంలో మన హుకూమత్ 2018 నుంచి 45 దాటిన ఆడవాళ్ళని మహ్రమ్ లేకుండా పంపిస్తోంది. 2023లో ఒక్క ఏడాదే నాలుగు వేల మందికి పైగా అలా వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చినప్పుడు పూలదండలేసి, ఖజూర్ పంచుకుని తిన్నాం. ఆ జమ్‌జమ్ నీళ్ళు తాగేటప్పుడు మహ్రమ్ సవాల్ గొంతుకి అడ్డం పడలేదు.

ఇంకో సంగతి. ఒంటరిగా రాత్రిపూట సవారీ వద్దని చెప్పిన హదీస్ బుఖారీలోనే ఉంది. అందులో ఔరత్ అని లేదు. సవారీ చేసేవాడు ఎవడైనా సరే. మన గల్లీ అబ్బాయిలు బుల్లెట్లేసుకుని అర్ధరాత్రి ఒక్కొక్కడే అరకు బయల్దేరినప్పుడు, ఫొటోలు చూసి మాషా అల్లా అన్నాం. ఇబ్న్ బతూతా 1325లో 21 ఏళ్ళ వయసులో తంజా నుంచి ఒంటరిగా బయల్దేరాడని ఉర్దూ మీడియంలో పాఠం చెబుతూ మా ఉస్తాద్ కళ్ళు మెరిసేవి. 22 ఏళ్ళ పిల్ల పేరు చెబితే మాత్రం మొహం మారిపోతుంది.

నా మహ్రమ్‌ల లెక్క కూడా చూడండి. అబ్బా పోయారు. షౌహర్‌తో ఖులా అయి పదకొండేళ్ళు. మీకు షుగరూ బీపీ, కారు ఎక్కితే గంటకోసారి ఆపాలి. మిగిలింది ఆపా కొడుకు, 14 ఏళ్ళు, దయ్యాల సినిమా చూస్తే రాత్రి లైటు ఆర్పనివ్వడు. వాణ్ణి వెంట తీసుకెళ్తే సరిపోతుందన్నారు మీరు. అప్పుడు హిఫాజత్ ఎవరు ఎవరికి చేసినట్టు?

రొట్టెల పండగ సంగతి ఎత్తకపోతే నాకు నిద్ర పట్టదు. మొహర్రంలో నెల్లూరు బారా షహీద్ దర్గాకి మన మొహల్లా నుంచి ఆడవాళ్ళు బస్సు మాట్లాడుకుని వెళ్తారు. పోనూ రానూ దగ్గర దగ్గర అయిదొందల కిలోమీటర్లు. రాత్రి అక్కడే చెరువు ఒడ్డున పడుకుంటారు. స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు దిగి, తెలియని వాళ్ళతో రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె, ఆఖరికి విదేశీ రొట్టె కూడా ఉంది. కొడుకు వీసా కోసం తల్లి తెలియని ఊళ్ళో, నీళ్ళల్లో నిలబడి రొట్టె పట్టుకోవచ్చు. దర్గాలకి వెళ్ళొద్దనే జమాత్ వాళ్ళు కూడా అక్కడ షిర్క్ అంటారే తప్ప మహ్రమ్ మాట ఎత్తగా నేను వినలేదు. నేను ఆ పండగకి వ్యతిరేకం కాదు, మా అమ్మీ నా నౌకరీ రొట్టె అక్కడే పట్టింది. ఒకటే అడుగుతున్నాను. కూలికి వెళ్తే సరే, మన్నత్‌కి వెళ్తే సరే, శాదీకి, మయ్యత్‌కి, దవాఖానాకి వెళ్తే సరే. ఎవరికోసమూ కాకుండా, తనకోసం, కాసేపు సుకూన్ కోసం వెళ్తేనే దీన్ ఎందుకు గుర్తొస్తుంది?

ఉమ్మె హరామ్ బీబీ రజియల్లాహు అన్హా కథ మన పిల్లలకి ఎందుకు చెప్పం? సముద్రం మీద వెళ్ళే లష్కర్‌ని హుజూర్ ఖ్వాబ్‌లో చూశానంటే, ఆ జట్టులో నేనుండేలా దువా చేయండి అని అడిగిన ఔరత్. వెళ్ళింది. సైప్రస్‌లో ఒడ్డుకి దిగాక సవారీ మీంచి పడి ఇంతకాల్ అయింది. లార్నాకా ఉప్పు సరస్సు పక్కన ఆమె మజార్ ఉంది. షౌహర్ ఉబాదా బిన్ సామిత్ వెంట ఉన్నాడు, ఆ మాట కూడా చెప్పాలి, చెబుతున్నాను. కానీ సముద్రం కావాలని అడిగింది ఆమె.

చినగంజాం ఉప్పు కొటార్ల పక్కన బండి ఆపి జొహర్ చదువుకున్నప్పుడు నాకు ఆమే గుర్తొచ్చింది. తెల్లగా గుట్టలు, మధ్యలో మడులు, ఎండకి కళ్ళు చిట్లించాల్సి వచ్చేది. వుజూకి క్యాన్‌లో నీళ్ళు ఒక లోటాడే మిగిలాయి. ఉప్పు మడుల్లో పనిచేసే ఒక అమ్మ తన బిందెలోంచి పోసింది. ఎక్కడినుంచి అని అడిగి, ఒక్కదానివేనా అని అడిగి, భయం లేదా అని అడిగింది. ఉంది అన్నాను. నవ్వింది.

భయం ఉంది. ఇదే అసలు మాట. భయం లేదని చెప్పే యూట్యూబ్ వీడియోలు నేను నమ్మను.

మొదటి భయం బాత్రూమ్. ఎవరూ రాయరు గానీ ఒంటరి ఔరత్ సఫర్‌లో సగం ప్లానింగ్ దీని చుట్టూనే తిరుగుతుంది. పెట్రోల్ బంకులో బాత్రూమ్‌కి తాళం, తాళం ఆఫీసులో, ఆఫీసులో మనిషి టిఫిన్‌కి వెళ్ళాడు. మధ్యాహ్నం మూడు తర్వాత నీళ్ళు తాగడం తగ్గించాను, రెండో రోజుకి తలనొప్పి మొదలైంది. వాడరేవు దగ్గర చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు వాళ్ళింట్లోకి వెళ్ళమన్నారు. ఆ ఇల్లు లేకపోతే ఆ రోజే వెనక్కి వచ్చేసేదాన్ని.

రెండో భయం రాత్రి. ఊరి పేరు రాయను, ఆ ఊళ్ళో మంచివాళ్ళే ఎక్కువ. ఇషా చదువుకుని దోమతెర దించాను. టార్చిలైట్లు పడ్డాయి. నలుగురు కుర్రాళ్ళు. మొదట మర్యాదగానే అడిగారు, ఎవరండీ, ఎక్కడినుంచండీ అని. పేరు చెప్పాను. 'అండీ' పోయింది. బండిలో ఏముందో చూపించు అన్నారు. చూపించాను. చెక్క కింద గిన్నె మూత తీశారు. పప్పుచారు. జానిమాజ్ విప్పి దులిపారు. ఒకడు ఫోన్‌తో నంబరు ప్లేటు ఫొటో తీశాడు. నా చేతులు వణకలేదు, మోకాళ్ళు వణికాయి, చీకట్లో కనపడలేదు అంతే. ఇంతలో పక్క పాకలోంచి ఒకావిడ లేచొచ్చి, ఆ నలుగుర్నీ వాళ్ళ అమ్మల పేర్లు పెట్టి తిట్టింది. బండి నా పాక పక్కన పెట్టుకో అమ్మా అంది. పెట్టుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు. ఫజర్ దాకా అలల చప్పుడు వింటూ, ఇంటికి వెళ్ళాక ఇది ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. చెబితే "చూశావా, మేం చెప్పలేదా" అంటారని.

ఇప్పుడు చెబుతున్నాను. ఎందుకంటే ఆ రాత్రి మీ దగ్గరే ఉంది భయ్యా, బయాన్‌లో లేదు. మీకు పిల్ల మీద నమ్మకం లేక కాదు. దారి మీద నమ్మకం లేదు. పేరు చెప్పగానే 'అండీ' పోతుందని మీకు తెలుసు. మీరు మిర్చి లారీ మీద నాగ్‌పూర్, ఇండోర్ తిరిగిన మనిషి, టోల్‌గేట్ దగ్గర టోపీ తీసి జేబులో పెట్టుకున్న మనిషి, నేను మర్చిపోలేదు. ఆ ఖౌఫ్ నిజమైంది. నేను దానికి సలామ్ చేస్తాను. కానీ దానికి దీన్ అని పేరు పెడితే మటుకు ఒప్పుకోను. ఖౌఫ్ అని చెప్పండి. అప్పుడు దాన్ని ఎలా తగ్గించాలో ఇద్దరం కూర్చుని మాట్లాడుకోవచ్చు. దీన్ అని చెప్పేస్తే మాట అక్కడితో బంద్. పిల్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది, ఆ నలుగురు కుర్రాళ్ళు మాత్రం ఒడ్డున హాయిగా తిరుగుతుంటారు.

మూడో రోజు మోటుపల్లి వెళ్ళాను. ఇప్పుడు చిన్న పల్లె. ఒకప్పుడు కాకతీయుల రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244-45 నాటిది. డిగ్రీలో దాని గురించి చదివాను, చూడ్డం ఇదే మొదలు. తుఫానుకి దారితప్పి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవాళ్ళు. ఓడల వాళ్ళకి ఈ తీరమంటే ఖౌఫ్. గణపతిదేవుడు ఆ అలవాటు మానేసి, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోను, మీకు అభయం అని రాయి మీద చెక్కించాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి మార్కోపోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అని రాసి, దాన్ని ఏలుతున్న ఆడమనిషిని మెచ్చుకున్నాడు. ఆవిడ రుద్రమదేవేనని చరిత్రకారులంటారు. నేను ఆ రాయి ముందు నిలబడి అనుకున్నది ఇంతే. ఆ రాజు ఓడల వాళ్ళని ఇంట్లో కూర్చోమనలేదు. దోచుకునే చేతిని ఆపాడు.

మన చేతుల్లో రాజ్యం లేదు, నిజమే. మస్జిద్ కమిటీలు ఉన్నాయి కదా. గుంటూరు నుంచి నెల్లూరు దాకా హైవే పొడుగునా మస్జిద్‌లున్నాయి, లారీ డ్రైవర్లు ఆగి వుజూ చేసుకుని, నమాజ్ చదువుకుని, కాసేపు నడుం వాల్చి వెళ్తారు. చూస్తే దిల్ ఖుష్ అవుతుంది. నేను ఆగిన చోట్ల ఆడవాళ్ళకి జాగా లేదు. ఒక చోట బయట చెప్పుల స్టాండ్ పక్కన చదువుకోమన్నారు. ఒక చోట గేటు దగ్గరే ఆపేశారు. నేను బండి నీడలో, ఇసకలో, ఉప్పు మడుల గట్టు మీద చదువుకున్నాను, అల్లా కబూల్ చేయాలి. ఆడవాళ్ళు మస్జిద్‌కి రావడానికి ఇస్లామ్‌లో అడ్డు లేదని 2020లో ముస్లిం పర్సనల్ లా బోర్డే సుప్రీంకోర్టులో అఫిడవిట్ వేసింది. అఫిడవిట్ ఢిల్లీలో ఉంది, తాళం ఇక్కడ ఉంది. జకాత్ ఇవ్వాల్సిన ఎనిమిది రకాల వాళ్ళలో దారిలో చిక్కుకున్న ముసాఫిర్ ఒకరు. ముసాఫిర్ అంటే మగవాడే అని ఏ తఫ్సీర్‌లో ఉందో చూపించండి. ప్రతి ఎనభై, వంద కిలోమీటర్లకి ఒక మస్జిద్‌లో ఆడవాళ్ళకి ఒక గది, ఒక బాత్రూమ్, ఒక నల్లా, లోపలి నుంచి వేసుకునే గడియ. మినార్‌కి రంగు వేయించే ఖర్చులో అయిపోతుంది. అది కట్టాక బయాన్ చేయండి, ముందు వరసలో కూర్చుని వింటాను. సారీ, ముందు వరసలో కూర్చోనివ్వరు కదా. డాబా మీంచి వింటాను.

కేరళ నుంచి నాజీ నౌషీ అనే ఐదుగురు పిల్లల తల్లి 2022లో ఒంటరిగా థార్ జీపు వేసుకుని ఖతర్‌లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ చూడ్డానికి బయల్దేరింది. ముంబై నుంచి బండిని ఓడలో ఒమన్‌కి పంపి, అక్కడినుంచి గల్ఫ్ దేశాల మీదుగా తోలుకుంటూ వెళ్ళింది. తలమీద హిజాబ్, బండిలోనే వంట. మన తెలుగు ముసల్మాన్ వాట్సాప్ గ్రూపుల్లో ఆ వీడియోలు గర్వంగా తిరిగాయి. మన గ్రూపులో పెట్టింది మీరే భయ్యా. మూడు గుండె బొమ్మలు కూడా పెట్టారు. వేరే రాష్ట్రపు కూతురికి గుండెలు, మన కూతురికి తాళం.

దీనికి ఎదురు మాట నేనే చెబుతాను. ఏదైనా జరిగితే? జరగొచ్చు. ఇంటి ముందు స్కూటీ మీద వెళ్తుంటే కూడా జరగొచ్చు, జరిగింది కూడా, ఎవరికో మీకూ నాకూ తెలుసు. జరిగితే పిల్లదే తప్పు అని మాట్లాడే నోళ్ళు నిజంగా నన్ను భయపెడతాయి. ఆ నలుగురు కుర్రాళ్ళకంటే కూడా. ఆ నలుగుర్ని ఆపడానికి పాకలోంచి ఒకావిడ లేచొచ్చింది. మన ఖాందాన్ నోళ్ళని ఆపడానికి ఎవరు లేస్తారు? మీరు లేస్తారా భయ్యా? లేస్తానని ఒక్క మాట చెప్పండి, పిల్లకి అది మహ్రమ్‌తో సమానం.

ఆ నాలుగు రాత్రుల్లో నాకు దక్కింది ఏంటని భాభీ అడిగింది. పెద్ద మాటలేమీ లేవు. మైపాడులో ఆఖరి ఫజర్. చీకటి ఇంకా పోలేదు. ఫైబర్ బోట్లు నీళ్ళలోకి నెడుతున్నారు, ఇంజన్ ఒక్కోటి అంటుకుంటోంది. నేను జానిమాజ్ తడి ఇసక మీద వేశాను. ఉర్దూ మీడియంలో చదివిన రోజుల్నుంచీ నమాజ్ చదువుతున్నాను. ఎప్పుడూ ఎవరో పిలుస్తుంటారు, కుక్కర్ కూస్తుంటుంది, పక్కింటి టీవీ వినిపిస్తుంటుంది, ఆఫీసు ఫోన్ మోగుతుంది. ఆ పొద్దున సలామ్ తిప్పాక కూడా లేవాలనిపించలేదు. ఎవరూ పిలవలేదు. తర్వాత పొయ్యి వెలిగించి చాయ్ పెట్టుకున్నాను. పాలు విరిగాయి. నల్ల చాయే తాగాను.

పిల్లకి నేను చెప్పినవి ఇవీ. చీకటి పడకముందే ఆగాలి. టూరిజం రిసార్ట్ గేటు దగ్గర లైటు కింద పెట్టుకోవాలి, సుకూన్ కోసం చీకటి మూల వెతకొద్దు, ఆ పని నేను చేశాను, చాలు. సూర్యలంకలో నీళ్ళల్లోకి మోకాళ్ళు దాటి దిగొద్దు, ప్రతి ఏడాదీ మునిగిపోతున్నారు. రెండు గంటలకోసారి లొకేషన్ పంపాలి, నాకు కాదు, మీకు. పంపకపోతే మీరు బయల్దేరండి, అరవై కిలోమీటర్లే కదా.

తాళం ఫ్రిజ్ మీద చక్కెర డబ్బా వెనక ఉంది భయ్యా. స్టెప్నీలో గాలి తక్కువగా ఉంది. పొన్నూరు రోడ్డులో పంక్చర్ షాపు మగ్రిబ్ దాకా తెరిచే ఉంటుంది, పిల్ల పట్టించుకుంటుంది. మీరే వెళ్ళి పట్టిస్తే ఇంకా మంచిది.